ఎనిమిదో గొంతు

నేను గూడ్సు బళ్ళ ఫోటోలు తీస్తాను. ఎం.ఏ. చదివిన పిల్ల ఉద్యోగ పరీక్షలు రాసుకోకుండా రామగుండం స్టేషను వంతెన మీద నిలబడి వ్యాగన్లు చూస్తుందని మా అమ్మ రమ గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరస మొత్తానికీ చెప్పుకుని బాధపడింది. మా నాన్న ఎల్లేశం బొగ్గుబాయిలో డ్యూటీ చేసి వచ్చి, స్నానం చేసి, "ఏం దీపా, ఇయ్యాల ఎన్ని డబ్బాలు దొరికినయ్?" అని నవ్వుతాడు. అంతే.

ప్రయాణికుల రైలు పోతుంటే అందరూ చెయ్యి ఊపుతారు. గూడ్సుకు ఎవరూ ఊపరు. ఈ దేశం తినే తిండి, కాల్చే బొగ్గు, పొలానికి చల్లే ఎరువు, అన్నీ పేరులేని చేతులు నింపితే పేరులేని పెట్టెల్లో పోతాయి. శ్రమకు చిరునామా లేదు. ఈ మాట నేను చాలా సభల్లో మైకు పట్టుకుని చెప్పాను. ఊరేగింపుల్లో ముందు నడిచి నినాదం ఎత్తుకునేది నేనే. నేను సగం అంటే వెనక మూడు వందల గొంతులు మిగతా సగం అంటాయి. పనిచోట ఎవరైనా చనిపోతే మేం పట్టుకునే అట్టల మీద చేతిరాత నాదే: "ప్రమాదం కాదు, హత్య. హంతకుణ్ణి శిక్షించాలి."

ఆ చేతితోనే ఇది రాస్తున్నాను.

ఏడేళ్ళు చూడగా చూడగా వ్యాగన్లు కూడా మనుషుల్లాగే గుర్తుపట్టడం వచ్చింది. ఇప్పుడు ధాన్యం మోసేవి బీసీఎన్ రకాలు. ఎనిమిది చక్రాలు, పొడవాటి వెల్డింగు ఒళ్ళు. పాతవి వేరు. నాలుగే చక్రాలు, పొట్టి పెట్టె, వంపు తిరిగిన కప్పు, బొత్తాలు కుట్టినట్టు వరసగా రివెట్లు, మధ్యలో రెండు రెక్కల ఇనుప తలుపు. అవి నేను పుట్టే నాటికే పట్టాల మీద కనబడకుండా పోయాయి. పాత ఫోటోల్లోనే చూశాను.

పోయిన మే నెలలో అట్లాంటిది ఒకటి దొరికింది.

పెద్దపల్లి వైపు పోయే దారిలో మూతబడిన బియ్యం మిల్లు ఒకటి ఉంది. మెయిన్ లైను నుంచి చీలి దాని గోదాం దాకా వచ్చే ఒక జత పట్టాలు ఉండేవి. సైడింగు అంటారు దాన్ని. ఇప్పుడు పట్టాల మధ్య సర్కారు తుమ్మలు మొలిచాయి. ఆ తుమ్మల్లో పదకొండు పనికిరాని వ్యాగన్లు ఉన్నాయని, తుక్కు కాంట్రాక్టరు వాటిని కొని గ్యాస్ కట్టర్లతో కోయిస్తున్నాడని విని పోయాను. అక్కడి వాచ్‌మన్ భూపాల్ కాక మా నాన్నకు తెలిసినవాడే. పది వ్యాగన్లు మామూలువే. చివరిది తుమ్మల్లో పూర్తిగా మునిగిపోయి ఉంది. కొమ్మలు జరిపి చూస్తే నాలుగు చక్రాలు! మీద చెయ్యి పెడితే రివెట్లు వేళ్ళకు తగిలాయి. చిన్నపిల్లలా అక్కడే గంతులు వేశాను. తయారీ పలక మీద మట్టి తుడిస్తే 1961 అని కనబడింది. తలుపు మీద, మనిషి భుజం ఎత్తున, ఒకే చోట వందల సొట్టలున్నాయి. మూడు మూడుగా ఉన్నాయి. ఏదో మొనదేలిన ఇనుముతో ఏళ్ళ తరబడి కొట్టినట్టు.

ఆ సాయంత్రం ఫోను తీసుకుని మా తాత దగ్గర కూర్చున్నాను. మా తాత సదయ్యకు డెబ్బై తొమ్మిదేళ్ళు. బాయిలో చేరకముందు ఆ మిల్లు సైడింగులోనే హమాలీ ముఠాకు పెద్ద. వీపు మీద బస్తాలు మోసి వ్యాగన్లు నింపేవాళ్ళు. ఆయన జొన్న గట్క తాగుతున్నాడు. అన్నం ముట్టడు. నాకు తెలిసినప్పటి నుంచీ ముట్టలేదు. షుగరనుకునేవాళ్ళం.

"తాతా, నీ పాత చుట్టం దొరికింది సూడు," అన్నాను.

ఫోను తీసుకుని చాలాసేపు చూశాడు. గిన్నెలో చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"నంబరేంది?"

"నాలుగు, ఒకటి, ఎనిమిది, మూడు… ఆఖరిది తుప్పుల కనవడుతలేదు."

"ఏడు," అన్నాడు తాత.

ఫోటో పెద్దది చేసి చూశాను. ఏడే.

ఆ తర్వాత ఆయన చెప్పింది ఒక్క గుక్కలో చెప్పలేదు. మధ్యలో రెండుసార్లు నీళ్ళు అడిగాడు. ఒకసారి మా అమ్మ బయటికి పోయేదాకా ఆగాడు.

ముఠాలో తాత కాక ఎనిమిది మంది. బస్తాలు నిండాక తలుపు మూసే ముందు వాళ్ళకొక పద్ధతి ఉండేది. వేసవిలో హమాలీలు బస్తాల సందుల్లో నీడకు పడుకునేవాళ్ళు. చూడకుండా తలుపు వేస్తే ఇక అంతే, బయట సీలు పడుతుంది. అందుకని ముఠా పెద్ద బస్తాలు లాగే తన ఇనుప కొక్కెంతో తలుపును మూడుసార్లు కొట్టి అడగాలి: "లోపల ఎవలున్నరు?" బయట ఉన్న వాళ్ళు ఒక్కొక్కరే జవాబు చెప్పాలి: "గింజలే." ఎనిమిది గొంతులు వినబడితేనే తలుపు పడుతుంది. ఒక్క గొంతు తగ్గినా పడదు. ఆ డబ్బా తిరిగి తిరిగి అదే సైడింగుకు వచ్చేదట. ఆ సొట్టలు మా తాత కొక్కెంవి.

నలభై ఒక్క ఏళ్ళ కింద, మే నెలలో, మిట్టమధ్యాహ్నం ఆ డబ్బాకు తలుపు మూశారు. తాత మూడుసార్లు కొట్టాడు. అడిగాడు. ఎనిమిది గొంతులు పలికాయి. తలుపు పడింది. సీలు పడింది. రెండింటికి బండి కదిలింది.

"పొద్దుగూకినంక కూలి పంచుతుంటె పోశం లేడు," అన్నాడు తాత. "అప్పుడు యాదికొచ్చింది బిడ్డా. బయట నిలవడ్డోళ్ళు ఏడుగురే. ఎనిమిదో గొంతు… లోపల్నుంచి వచ్చింది."

పోశం బస్తాల మీద పడుకుని ఉన్నాడు. నిద్రలో కొక్కెం చప్పుడు విన్నాడు. పదేళ్ళ అలవాటు. నిద్రలోనే నోరు తెరిచి, గింజలే, అన్నాడు.

అప్పుడే స్టేషనుకు పోయి చెబితే ముందు స్టేషన్లో బండి ఆపేవాళ్ళు కదా అని అడిగాను. తాత తల ఊపాడు. ముఠా పోతుందని, జైలు పడుతుందని భయపడ్డానన్నాడు. నాలుగో రోజున ఎక్కడో దూరాన తలుపు తీస్తే, ఎవరో గుర్తు తెలియని శవమని రాసుకుని కాల్చేశారట. ఆరు నెలల తర్వాత ఒక గార్డు మాటల్లో చెబితే తెలిసిందట. అప్పటికే తాత హమాలీ పని మాని బాయిలో చేరాడు. ఎండ పడని చోటు కావాలనుకున్నాడట.

పోశం భార్య సారవ్వ మాకు రెండు వరసల వెనక, రేకుల ఇంట్లో ఉంటుంది. పిల్లల్లేరు. చిన్నప్పుడు మా అమ్మానాన్నలు దవాఖానలకు, పెళ్ళిళ్ళకు పోతే నన్ను చూసుకున్నది ఆమే. డెబ్బై దగ్గరికి వచ్చినా చేతుల నిండా గాజులు వేసుకుంటుంది. మొగుడు వేరే ఆడదానితో మహారాష్ట్రలోని చాందా పోయి అక్కడే ఉండిపోయాడని మా బస్తీలో పిల్లలకు కూడా తెలుసు. ఆ మాట మీద ఆమెను చూసి ఎంతమంది ఎన్నిసార్లు నవ్వారో నేను విన్నాను.

"చాందా పోయిండని ఎవలన్నరు తాతా?"

ఆయన గిన్నె కింద పెట్టాడు.

"నేనే," అన్నాడు.

నా గోడ మీద నేనే రాసి అతికించుకున్న కాగితం ఉంది: "నిజాన్ని దాచినవాడు నేరంలో భాగస్వామి." ఆ రాత్రి దాని కింద కూర్చున్నాను. నేను ఇన్నేళ్ళూ హంతకుణ్ణి ఎక్కడెక్కడో వెతికాను. ఆఫీసుల్లో, కార్లలో, కాంట్రాక్టర్ల బంగళాల్లో. ఆయన నా పక్కన కూర్చుని జొన్న గట్క తాగుతున్నాడు. నాకు సైకిలు నేర్పినవాడు.

తెల్లవారి సారవ్వ దగ్గరికి పోబోయి ఆగిపోయాను. ముసలివాడికి మతి తప్పిందంటారు. రుజువు కావాలి. నాలుగు రోజులు లోపల చిక్కుకున్న మనిషి, చేతిలో కొక్కెం ఉన్న మనిషి, లోపల ఏదో ఒక గీత గీసి ఉండడా? అది ఫోటో తీస్తే చాలు, ఆమె మొగుడు ఆమెను వదిలి పోలేదని బస్తీ అంతటికీ చూపించవచ్చు. భూపాల్ కాకకు ఫోను చేశాను. ఆ డబ్బాను ఈ సాయంత్రం నాలుగింటికి కోస్తున్నారని చెప్పాడు. ఎండకు కోసేవాళ్ళు పదకొండింటికి పని ఆపి నాలుగింటికి మళ్ళీ మొదలుపెడతారు. ఆ మధ్యలో వస్తే అడిగేవాళ్ళు ఉండరన్నాడు.

తాత మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను బండి తీస్తుంటే, తిరక్కుండానే అన్నాడు.

"పోకు దీపమ్మా. పోతివా… ఏం అడిగినా జవాబు చెప్పకు."

నేను ఆయనకే జవాబు చెప్పలేదు.

పన్నెండు అవుతోంది. ఆ రోజు నలభై ఆరు డిగ్రీలు. పవర్ హౌస్ పొగగొట్టాలు ఎండలో వణుకుతూ కనబడుతున్నాయి. కాకులు కూడా అరవడం లేదు. భూపాల్ కాక వేపచెట్టు కింద నులక మంచం మీద కూర్చుని అప్పుడే బీడీ ముట్టించాడు.

బయట్నుంచి తీసుకోరాదా ఫోటోలు, అన్నాడు. ఆ డబ్బా తలుపు నిలవదట. గాలి లేకపోయినా మూసుకుంటుందట. లోపల కొలతలు తీయడానికి పోయిన కట్టరు ఒకడు మధ్యలోనే దూకి వచ్చేశాడట. అందుకని కొత్త తీగ మూడు చుట్లు చుట్టి, తలుపు రెక్కను పక్కనున్న కొక్కికి కట్టేశారు.

"నేనైతే రాను. ఇక్కడ్నే ఉంట," అన్నాడు. "జల్ది రా బిడ్డా."

తీగ గట్టిగానే ఉంది. లాగి చూశాను. నా ఛాతీ ఎత్తున ఉన్న అంచు పట్టుకుని లోపలికి ఎక్కాను.

పొయ్యిలా ఉంటుందనుకున్నాను. కాదు. చల్లగా ఉంది. మట్టికుండ పక్కన కూర్చున్నంత చల్లదనం. ఒంటి మీద చెమట ఆరిపోయి కళ్ళు బరువెక్కాయి. ఒక్క క్షణం అక్కడే నడుం వాల్చాలనిపించింది. పోశం ఇక్కడెందుకు పడుకున్నాడో అర్థమైంది.

తర్వాత వాసన తెలిసింది. తుప్పు వాసన కాదు. కొత్త గోనె, తవుడు, అప్పుడే మర పట్టిన బియ్యం వాసన. ఇరవై ఏళ్ళకు పైగా ఖాళీగా ఉన్న పెట్టె అది. నేల మీద ఫ్లాషు కొట్టి చూశాను. తుప్పు రేకుల మధ్య అక్కడక్కడా బియ్యపు గింజలు. తెల్లగా. పురుగు పట్టకుండా.

గోడలు తీశాను. ఏమీ లేవు. కప్పు తీశాను. ఏమీ లేదు. కట్టేసిన రెక్క పక్కన రెండో రెక్క మూసే ఉంది. దాని లోపలి వైపు చూడడానికి వంగి ఫ్లాషు కొట్టాను.

సొట్టలు.

మూడు. కొంచెం ఎడం. మూడు. కొంచెం ఎడం. మూడు. భుజం ఎత్తున లోతుగా మొదలయ్యాయి. పోశం తమ ముఠా పద్ధతిలోనే కొట్టాడు. బయట ఎవరైనా హమాలీ వింటే తెలుస్తుందని. ఎన్ని వందలో. కిందికి వచ్చేకొద్దీ లోతు తగ్గింది. నడుం ఎత్తున. మోకాలి ఎత్తున. చివరివి నేలకు జానెడు ఎత్తులో ఉన్నాయి. గోటితో గీసినంత పలచగా.

నా కళ్ళు మండాయి. ఆ చివరి మూడింటిని నాలుగు ఫోటోలు తీశాను. ఐదోది తీయబోతే తెర మీద వెలుతురు తగ్గింది. కెమెరా సరిచేసుకున్నాను. ఇంకా తగ్గింది.

తల ఎత్తాను.

తలుపు రెక్క మూసుకుంటోంది. చప్పుడు లేదు. తొందర లేదు. వెలుతురు చాప అంత అయింది… బెత్తెడు అయింది… దారం అంత అయింది.

పోయింది.

చీకటి. దానితోపాటే వేడి. ఎవరో మీద దుప్పటి కప్పినట్టు ఒక్కసారిగా పడింది. కెమెరా ఫ్లాషు నొక్కాను. వెలగలేదు. ఫోను నొక్కాను. వెలగలేదు. రెక్కను భుజంతో తోశాను. ఇనుము కాలింది. గోనె దుమ్ము గొంతులోకి పోయింది.

అప్పుడు బయట కొట్టారు.

ఒకటి. రెండు. మూడు.

"లోపల ఎవలున్నరు?"

ఆ గొంతు నాకు తెలుసు. రోజూ వినే గొంతే. కానీ వణుకు లేదు. దగ్గు లేదు. నలభై ఏళ్ళు కూడా నిండని మగవాడి గొంతు.

"గింజలే," అన్నారు ఎవరో బయట.

"గింజలే." ఇతను నోట్లో తంబాకు పెట్టుకుని ఉన్నాడు.

"గింజలే." నవ్వుతూ అన్నాడు ఇతను.

నాలుగు. ఐదు. ఆరు. నేను లెక్కపెడుతున్నాను. వద్దనుకుంటూనే లెక్కపెడుతున్నాను. ఏడు.

బయట వాళ్ళు ఆగారు. ఎనిమిదో గొంతు కోసం ఆగారు.

నా వెనక ఎవరో నిద్రపోతున్నారు.

ఊపిరి వినబడుతోంది. బాగా అలసిన మనిషి ఊపిరి. నెమ్మదిగా, బరువుగా, కొంచెం గురకతో. ఆ ఊపిరి ఒకచోట ఆగింది. మనిషి మాట్లాడబోయే ముందు గాలి లోపలికి తీసుకుంటాడే… అట్లా తీసుకుంది.

"అనకు తాతా," అని పోశాన్ని బతిమాలాను. "అనకు… అనకు…"

నోరు మూయడానికి చీకట్లో చెయ్యి చాపాను. ముఖం ఉండాల్సిన చోట ముఖం లేదు. బియ్యం. చల్లటి బియ్యం. మణికట్టు దాకా దిగింది చెయ్యి. లోపల ఏదో పెదవుల్లా కదిలి, వేళ్ళకు తగిలింది.

అరిచాను. ఊరేగింపులో అరిచే గొంతుతో అరిచాను. తెరువుండ్రి, లోపల మనుషులున్నరు, అని.

బయట ఎవరూ కదల్లేదు. ముఠా పెద్ద అడుగులు మాత్రమే దగ్గరికి వచ్చాయి. రెక్కల సందుకు నోరు ఆనించి, మెల్లగా అడిగాడు.

"మనుషులా? ఎవలుండాలె లోపల? పేరు జెప్పు."

పోశం అని చెప్పి ఉండవచ్చు. నలభై ఒక్క ఏళ్ళుగా ఎవరూ పలకని ఆ పేరు కోసమే అక్కడికి పోయాను. దీప అని చెప్పి ఉండవచ్చు. ఏదీ చెప్పకుండా ఉండవచ్చు. వద్దనే చెప్పాడు తాత. కానీ రాత్రంతా నా నోట్లో ఒక్కటే మాట నానుతోంది. హంతకుణ్ణి శిక్షించాలి. నేను సగం అన్నాను. మిగతా సగం దానంతటదే వచ్చింది.

"సదయ్య," అన్నాను.

బయట ఏడు గొంతులు, నా వెనక ఒక గొంతు, ఎనిమిదీ కలిసి అందుకున్నాయి. నా వెనక ఎప్పుడూ అందుకునే గొంతుల్లాగే. ఒక్కసారిగా. కోపంగా. ఇష్టంగా.

"సదయ్య."

తలుపు తెరుచుకుంది.

ఎండలోకి పడ్డాను. భూపాల్ కాక మంచం మీద నుంచి లేచాడు. అతని చేతిలో బీడీ సగం కూడా కాలలేదు. అప్పుడే వచ్చేసినవేంది, అన్నాడు. వెనక్కి తిరిగి చూశాను. రెక్క వెడల్పుగా తెరిచే ఉంది. కొక్కికి తీగ మూడు చుట్లూ అట్లాగే ఉంది. నా కుడిచెయ్యి మణికట్టు దాకా తవుడు అంటుకుని ఉంది.

ఇంటికి ఎట్లా వచ్చానో గుర్తులేదు. మంచం ఖాళీగా ఉంది. తాత చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. కట్టె గోడకు ఆనించి ఉంది. ఇప్పుడే పన్నెండింటికి గట్క ఇచ్చిన కదా, అంది అమ్మ. గిన్నె సగం నిండి ఉంది. దుప్పటి మీద, ఆయన తల పెట్టే చోట, నాలుగు బియ్యపు గింజలు. అన్నం ముట్టని మనిషి పక్క మీద.

సాయంత్రం దాకా బస్తీ అంతా వెతికి, అప్పుడు డబ్బా గుర్తొచ్చి మళ్ళీ బండి తీశాను. బస్టాండు దగ్గర పడిపోయాను. లేచి పోయాను. నేను చేరేసరికి ఆరున్నర. డబ్బా లేదు. తుమ్మల మధ్య నాలుగు చక్రాలు, పక్కన రేకుల కుప్ప. కోసిన అంచులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. లోపల ఎవరైనా ఉన్నారేమో చూశారా అని కట్టరును పట్టుకుని అడిగాను. ఎవరుంటారమ్మా, మొత్తం చూసే ముట్టించినం, అన్నాడు. తలుపు కోసేటప్పుడు మాత్రం లోపల్నుంచి మూడు చప్పుళ్ళు వచ్చాయట. మళ్ళీ మూడు. వేడికి ఇనుము అట్లాగే కొట్టుకుంటుందని ఆగలేదట.

నాన్న బండేసుకుని మంథని దాకా, గోలేటి దాకా తిరిగాడు. పోలీసులు ఫోటో తీసుకున్నారు. బాయి ముందు చాయ హోటల్లో ఎవరో అన్నారట, ముసలోడు ఈ వయసుల చాందా పోయిండా ఏందని. నాన్న అది ఇంటికి వచ్చి చెప్పి ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట చెప్పలేదు. ఆ రాత్రి గోడ మీద కాగితం చింపేశాను.

పదకొండో రోజున సారవ్వ ఇంటికి పోయాను. ఆమెకైనా చెప్పాలి. ఆ సొట్టల ఫోటోలు కెమెరాలోంచి ఫోనులోకి ఎక్కించుకున్నాను. పగలు పన్నెండు కావస్తోంది. ఆమె గడపలో కూర్చుని ఉంది. చేతులకు గాజుల్లేవు.

నేను ఫోటో చూపించబోతే వద్దని చెయ్యి ఊపింది. తనకు తెలుసంది. అన్నీ తెలుసంది. మా తాత కనబడకుండా పోయిన రోజే పగటీలి, మిట్టమధ్యాహ్నం, పోశం వచ్చాడట. ఇదే గడపలో నిలబడ్డాడట, పోయిన నాటి వయసుతోనే. లోపలికి రమ్మంటే రాలేదట. కుండెడు నీళ్ళు తాగాడట.

"నా వంతు అయిపోయింది సారా, అన్నడు," అంది. "అని ఎల్లిపోయిండు. ఇది ఇచ్చి పోయిండు."

లోపల మూలకు చూపించింది. ఒక గోనెబస్తా నిలబెట్టి ఉంది. నిండు బస్తా. మూతి సుతిలితో దగ్గర దగ్గరగా కుట్టేసి ఉంది, పాత హమాలీల కుట్టు. దాని పక్కన తుప్పు పట్టిన కొక్కెం.

"ఇప్పొద్దన్నడు. రోజూ పగటీలి అడుగుమన్నడు."

లేచి, గోడ పట్టుకుని బస్తా దగ్గరికి పోయింది. కొక్కెం తీసుకుంది. పక్కనున్న రేకు గోడ మీద కొట్టింది. ఒకటి. రెండు. మూడు. పిల్లను నిద్ర లేపుతున్నంత మెల్లగా అడిగింది.

"లోపల ఎవలున్నరు?"

బస్తా కదల్లేదు. ముందు ఏమీ వినబడలేదు. తర్వాత గోనె లోతుల్లోంచి, బియ్యం రాసుకున్నట్టు, ముసలి గొంతు. వణుకుతోంది. దగ్గు ఆపుకుంటోంది.

"గింజలే…"

సారవ్వ నా వైపు చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. చాలా ఏళ్ళ తర్వాత పని ముగించుకున్న మనిషిలా ఉంది. కొక్కెం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకు చేతులు లేస్తలేవు," అంది. "రేపటి సంది నువ్వు అడుగు బిడ్డా. పేరు చెప్పింది నువ్వే గద."

కుట్టు తెంపడానికి ఒక కత్తి చాలు. మా ఇంట్లో కత్తి ఉంది. రోజూ బండి డిక్కీలో పెట్టుకుని పోతాను. రోజూ గడపలో సారవ్వ కూర్చుని ఉంటుంది. కత్తి తీయను. కొక్కెం తీస్తాను. మూడుసార్లు కొడతాను. అడుగుతాను. అక్కడ నేను తెంపేది సుతిలి మాత్రమే అయితే ఎప్పుడో తెంపేదాన్ని. ఆయన బయటికి వస్తే లోపల ఒకరు ఉండాలి. మళ్ళీ పేరు అడుగుతారు.

ఇప్పుడు పదకొండున్నర అవుతోంది. పోవాలి.

నిన్న అడిగినప్పుడు బస్తాలోంచి రెండు గొంతులు పలికాయి. ఒకటి తాతది. రెండోది ఆడగొంతు. నినాదాలకు అలవాటుపడి కొంచెం బొంగురుపోయిన గొంతు.

నేను పెదవులు గట్టిగా మూసుకునే ఉన్నాను.